పడిగెపై క్రొత్త బొమ్మ

భద్రాచలము నుండి దుమ్ముగూడెము మీదుగా చర్లవైపు పోవు బాట కొంతదూరము గోదావరితో చెలిమి చేసి, పిదప ఏటిని విడిచి అడవిదారి పట్టిన తరువాత, ఇప్పలును మద్దులును తునికిచెట్లును చిక్కనై, బస్సులోని మాటలు వాటంతటవే సన్నగిల్లు చోట, పసుపురంగు గోడల చిన్న బడి యొకటి యున్నది. ఆ బడి వసారాలో కూర్చుండి పిల్లలు బొమ్మలు గీయుట చూచుచు నేనొక మధ్యాహ్నము గడపితిని. గోడమీద నీలిరంగు అక్షరములతో 'బాలల హక్కులు' అను పట్టిక వ్రాసియున్నది: జీవించు హక్కు, రక్షణ హక్కు, అభివృద్ధి హక్కు, భాగస్వామ్యపు హక్కు. ఆ పట్టిక క్రిందనే పిల్లల చెప్పుల వరుస. నేనున్నంత సేపును దానివైపు తలయెత్తి చూచినవాడను నేనొక్కడనే.

పంతులుగారు "మీకు ఇష్టమైన బొమ్మ గీయండి" అని చెప్పి కాగితములు పంచగా, కూర్చున్న పిల్లలలో ముప్పాతికమంది ఒకే బొమ్మ గీసిరి: రెండు కొండలు, వాని నడుమ కిరణములు విప్పిన సూర్యుడు, కొండల నుండి పాములవలె మెలికలు తిరిగి దిగు ఏరు, ఏటి యొడ్డున పెంకుటిల్లు, ఇంటి ప్రక్కన వంగిన కొబ్బరిచెట్టు. ఆ పల్లెలో గాని, దాని చుట్టుప్రక్కల నేను చూచిన పల్లెలలో గాని కొబ్బరిచెట్టు లేదు. నా దాపున కూర్చున్న పిల్లవానిని, "ఈ చెట్టు మీ ఊళ్లో ఎక్కడుంది నాయనా?" అని అడిగితిని. వాడు నా అజ్ఞానమునకు జాలిపడినవానివలె చూచి, "ఊళ్లో ఎందుకుంటది సారూ? బొమ్మలో ఉంటది" అనెను.

అప్పటికి నవ్వితిని గాని, తిరుగుబస్సు ఎక్కిన తరువాత అది నవ్వవలసిన మాట కాదని తోచినది. బొమ్మ యనగా తన ఊరిలో లేనిది. పుస్తకమనగా తన యింట మాటలాడని భాష. హక్కు అనగా గోడమీద ఎవరో వ్రాసిపోయిన నీలి అక్షరములు. ఈ మూడును ఒక్క చెట్టు కొమ్మలే. పిల్లలకు హక్కులను గూర్చియు, పరుల సంస్కృతులను గూర్చియు కళద్వారా బోధింపవలెనని ఇప్పుడు పలుచోట్ల పలువురు చెప్పుచున్నారు, చెప్పవలసినదే. కాని ఖమ్మము, భద్రాచలము అడవి అంచున ఆ పని ఎచ్చట మొదలుపెట్టవలెననగా, ఆ పిల్లవాని బొమ్మలో వాని చెట్టు మొలిచిన చోట మొదలుపెట్టవలెనని నా అభిప్రాయము.

విచిత్రమేమనగా, ఆ పిల్లవాని పెద్దలకు బొమ్మ యన్నది పరాయి వస్తువు కాదు. కోయలకు పడిగె యను నొక పవిత్రవస్త్రము కలదు. కొందరు పగిడె యనియు నందురు. అది ఒక కొనవైపు సన్నగిల్లుచు పోవు మూడు మూలల గుడ్డ. దానిమీద ఆ వంశపు మూలపురుషులును, వేల్పులును బొమ్మలై వరుసగా నిలిచియుందురు. కోయలలో గట్టులను వంశవిభాగము లున్నవి. ఏ గట్టువారి వేల్పు ఆ గట్టుది, ఏ గట్టువారి కథ ఆ గట్టుది. ఆ కథను నోటనుంచుకొని, డోలు మ్రోయించుచు, పడిగెమీది బొమ్మలను చూపుచు, పుట్టుక మొదలుకొని వలసల వరకు, వలసలు మొదలుకొని నేటి కాపురముల వరకు పాడి చెప్పువారు డోలీలు. చేర్యాల నకాషీల పటములను మనలో పలువురు ఎరుగుదురు; పటము విప్పి కులపురాణము చెప్పు ఆచారము తెలంగాణమున క్రొత్తది కాదు. అయితే అచ్చట పటము కథకు ఆధారము. పడిగెయో, వేల్పుతో సమానము. దానిని కొలువవలసిన దినమున కొలుతురు, మిగిలిన దినములలో చుట్టి భద్రపరతురు.

ఈ గుడ్డను గూర్చి నూరేండ్లకు పైబడిన వ్రాత యొకటి యున్నది. దుమ్ముగూడెమున క్రైస్తవమిషనరీగా చిరకాలము నివసించిన జాన్ కెయిన్ దొర కోయల ఆచారవ్యవహారములను గూర్చి వ్రాసిన సంగతులను, మద్రాసు వస్తుప్రదర్శనశాలాధికారియైన ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటములుగా వెలువరించిన దక్షిణ హిందూదేశపు కులముల, తెగల గ్రంథమున చేర్చెను. ఎర్రని నూలుగుడ్డ, మూడు మూలలు, దానిపై కుట్టిన పూర్వుల రూపములు అను వర్ణన అందు కనబడును. ముఖ్యుడైన పెద్ద యొకడు కాలము చేసినపుడు ఆ గుడ్డకు ఒక క్రొత్త బొమ్మ చేర్చుదురని కూడ ఆ వర్ణనలో నున్నది. ఈ చివరి మాట నాకు మిక్కిలి విలువైనదిగా కనబడుచున్నది. మనము జానపదకళ యనగానే ఎన్నడో పూర్తియై, ఇక చెదలు పట్టకుండ కాపాడవలసిన వస్తువని తలచుచున్నాము. పడిగె అట్టిది కాదు. అది ముగియని పుస్తకము. దానిలో ఎల్లప్పుడును ఒక పుట ఖాళీగా నుండును.

ఇచ్చట చిన్న ముచ్చట యొకటి చెప్పక తప్పదు. ఆ కెయిన్ దొరసానియే దుమ్ముగూడెమున లేసు అల్లిక నేర్పి, ఆ పనికి దూరదేశములలో గిరాకి కల్పించినదని చెప్పుదురు. పేదలకు నాలుగు డబ్బులు చేకూర్చిన పనిని నేను తప్పుపట్టను. కాని సన్నని తెల్లదారముతో విదేశపు పూవులు అల్లుట నేర్చిన ఆ ఊరి చుట్టునే, గుడ్డపై తాతముత్తాతలను నిలుపు విద్య యున్నదనియు, దానిని కూడ బడిలోనికి పిలువవచ్చుననియు ఎవరికిని తోచినట్లు లేదు. దొరసానికి తోచలేదన్న ఆశ్చర్యమేమి? ఆ తరువాత వచ్చిన మన పంతుళ్లకు తోచినదా?

డోలీల విద్యకు ఢిల్లీ వరకు పేరు వచ్చినది ఇటీవలనే. మణుగూరు మండలము కూనవరము గ్రామస్థుడైన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినది. ఆయన డోలు పట్టి, కోయభాషలోను తెలుగులోను తన జాతి వీరగాథలను, అందు ముఖ్యముగా సమ్మక్క సారలమ్మల కథను పాడిన గాయకుడు. 2024 జూన్ నెలలో ఆయన కాలము చేసెను. బడి మెట్టు ఎక్కినవాడు కాని అట్టి మనుష్యుని కంఠమున ఎన్ని తరముల చరిత్ర నిలిచియుండెనో తలచుకొన్నపుడు, నిరక్షరాస్యుడను మాటను మనమెంత తేలికగా వాడుచున్నామో తెలియవచ్చును.

సమ్మక్క కథ పేరెత్తితిమి గనుక ఒక సంగతి. కరవు వచ్చినది, పన్ను కట్టలేమని మేడారపు కోయలు కాకతీయులకు చెప్పిరి, పాలకుడు సేనను పంపెను, పగిడిద్దరాజు, సారలమ్మ, జంపన్న మొదలైనవారు ఒక్కొక్కరుగా నేలకొరిగిరి, సంపెంగవాగు జంపన్నవాగైనది, సమ్మక్క చిలుకలగుట్టవైపు పోయి కనుమరుగైనది. రెండేండ్లకొకసారి మాఘమాసమున లక్షలాది జనము బెల్లము మోసికొని పోయి 'బంగారము' సమర్పించుచున్న జాతరకు మూలమైన కథ ఇది. దీనిని పౌరశాస్త్రపు కన్నుతో ఒక్కసారి చూడుడు. పంట లేనివానియొద్ద పన్ను గుంజరాదను వాదము కంటె హక్కుల పాఠము వేరే యేమున్నది? కోయపిల్లవానికి హక్కు అను సంస్కృతపదము క్రొత్తది కావచ్చును గాని, ఆ పదార్థము వాని ఉగ్గుపాలలోనే యున్నది. (హక్కు సంస్కృతపదము కాదు, అరబ్బీ నుండి వచ్చినదని నా మిత్రుడొకడు వెంటనే దిద్దెను. దిద్దుబాటు శిరోధార్యము. పరుల సంస్కృతి మన నాలుకమీదనే కాపురమున్నదనుటకు అదియు నొక తార్కాణము.)

ఇక గోడమీది నీలి అక్షరముల మూలమెచ్చటిదో చూతము. ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20వ తేదీన బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించినది. భారతదేశము 1992 డిసెంబరు 11న అందు చేరినది. ఆ ఒడంబడికలో 54 అధికరణము లున్నవి. అన్నమును, వైద్యమును, బడిని గూర్చిన అధికరణములను అందరును తలచుకొందురు. మన ప్రసంగమునకు కావలసినవి వేరు. బిడ్డ తన భావమును మాటతో గాని, వ్రాతతో గాని, కళతో గాని వెలిపుచ్చవచ్చునని 13వ అధికరణము చెప్పుచున్నది. చదువు బిడ్డకు తన తల్లిదండ్రులయందును, తన భాషయందును, తన సంస్కృతియందును, తనకంటె భిన్నమైన నాగరికతలయందును గౌరవము కలిగింపవలెనని 29వది. ఆదివాసుల బిడ్డకు తనవారితో కలిసి తన సంస్కృతిని అనుభవించుటకును, తన భాషను వాడుటకును గల హక్కును కాదనరాదని 30వది. ఆటలాడుకొనుటకు, విశ్రాంతి తీసికొనుటకు, కళలలో పాల్గొనుటకు బిడ్డకు హక్కు కలదని 31వది. మన రాజ్యాంగమున 1956 నాటి ఏడవ సవరణ చేర్చిన 350-ఏ అధికరణము, భాషాపరముగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషయందే బోధన జరుగు వసతి కల్పింపవలెనని చెప్పుచున్నది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము కూడ, సాధ్యమైనంతవరకు బోధన బిడ్డ మాతృభాషయందే యుండవలెనన్నది. 'సాధ్యమైనంతవరకు' అను ఆ పదము ఎంత వెడల్పైన ద్వారమో, ఎన్ని బడులు ఆ ద్వారము గుండా బయటికి నడిచిపోయినవో, ఏజెన్సీలో పనిచేసిన పంతుళ్లకు తెలియును.

ప్రయత్నములు లేకపోలేదు. 1943లో హైమెండార్ఫ్ పండితుడు ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులను తయారుచేయు కేంద్రము నెలకొల్పి, గోండు పిల్లలకు గోండులే చదువు చెప్పు మార్గము తీసెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004 ప్రాంతమున కోయ, గోండి, కోలామి, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసి ఒడియా అను ఎనిమిది భాషలలో ప్రాథమిక వాచకములు వ్రాయించి, కొన్ని బడులలో బహుభాషా విద్య యను పేర ప్రవేశపెట్టిరి. కోయమాటలు తెలుగులిపిలో అచ్చయినవి. ఆ వాచకములను చూచినవారికి, తమ యింటిమాట అచ్చులో నుండుట ఎరుగని పిల్లలు వేలు పెట్టి చదువుచు ఎందుకు నవ్వుదురో తెలియును. అది హాస్యము వలన కలిగిన నవ్వు కాదు.

ఈ అంచున బ్రదుకు పిల్లలకు భాషతోపాటు పటము కూడ చిక్కే. భద్రాచలపు సీమ 1860లో నిజాము చేతినుండి ఇంగ్లీషువారికి పోయినది. 1874లో మధ్యపరగణాల నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినది. 1959లో తూర్పుగోదావరి నుండి ఖమ్మమునకు వచ్చినది. 2014లో పోలవరము ఆనకట్ట నిమిత్తము చుట్టుప్రక్కల కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమునకు పోగా పట్టణము తెలంగాణమున నిలిచినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా అయినది. ఇల్లు కదలనివారిని జిల్లాలు దాటించిన చరిత్ర ఇది. ఇట్టి చోట 'మన రాష్ట్రము, పొరుగు రాష్ట్రము' అను పాఠమును సాంఘికశాస్త్రపు పుస్తకము నుండి చెప్పుట కంటె, పిల్లలచేత వారి చుట్టములున్న ఊళ్ల నన్నింటిని ఒక కాగితముపై గీయించి, అటుపిమ్మట దానిమీద సరిహద్దు గీత గీయుట మేలు. గీత ఎవరి మేనత్త యింటి మీదుగా పోవునో వారే చెప్పుదురు.

ఆ గీతకు ఆవల నుండి వచ్చిన పిల్లల సంగతి మరింత గడ్డు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లోని అప్పటి దంతెవాడ ప్రాంతమున సల్వాజుడుం అను మావోయిస్టు వ్యతిరేక ఉద్యమము మొదలైన తరువాత, అటు ఆయుధములు పట్టినవారికిని, ఇటు ఆయుధములు పట్టినవారికిని నడుమ నలిగిన పల్లెల నుండి వేలకొలది జనము పొయ్యి విడిచి ఇటు ఖమ్మము, వరంగల్లు అడవులలోనికి వచ్చి తలదాచుకొనిరి. ఇక్కడివారు వారిని గుత్తికోయలని పిలిచిరి. గిరిజన యువకులకు ఆయుధము లిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడుకొనుట రాజ్యాంగవిరుద్ధమని సర్వోన్నత న్యాయస్థానము 2011 జూలై 5న తీర్పు చెప్పెను. తీర్పు వెలువడునాటికి ఇచ్చట పుట్టిన బిడ్డలు బడి వయస్సునకు వచ్చిరి. ఆవల షెడ్యూల్డు తెగలలోనివారైన ఈ కుటుంబములకు ఈవల ఆ ధ్రువపత్రము దొరకుట దుర్లభమైనది. పత్రము లేని బిడ్డకు హక్కుల పట్టిక చదివి వినిపించుట ఆకలిగొన్నవానికి వంటల పేర్లు చెప్పుట వంటిది.

నేను చూచిన ఆ బడిలో అట్టి గూడెము నుండి వచ్చు పాప యొకతె యుండెను. పెక్కుమంది కొబ్బరిచెట్టు గీసిన ఆ దినమున ఆమె గీసినది వేరు. కాగితము నడుమ ఒక వలయము. వలయములో మరియొక చిన్న వలయము. దాని చుట్టు పూరేకులవలె పరచుకొన్న చిన్నచిన్న మనుష్యులు, వారి తలలు వెలుపలికి, పాదములు లోపలికి. పంతులుగారు చూచి, "పువ్వు బాగ గీసినవు" అనిరి. పాప తల యడ్డముగా ఊపి, "ఏర్" అన్నది. "ఏరా? ఏరు ఇట్ల గుండ్రంగుంటదా? ఏరు పారతది గదా?" అని ఆయన మొదటి వరుసలోని కొండల బొమ్మ తీసి, మెలికల ఏటిని చూపిరి. పాప మరి మాటలాడలేదు. వెనుకనుండి కోయపిల్లవాడొకడు లేచి, "ఏరంటే వాగు గాదు సారూ, ఏరంటే నీళ్లు. అది చెలమ" అనెను.

అప్పుడు మాకందరకు బొమ్మ కనబడినది. వాగు ఎండిన వేసవిలో ఇసుకను చేతులతో తవ్వి, ఊరిన నీటిని చిప్పతో తోడి బిందె నింపుకొను చెలమ అది. పాప దానిని పైనుండి చూచిన చూపుతో గీసినది. చుట్టు నున్నవారు వంతుకొరకు కూర్చున్నవారు. తెలుగున ఏరనగా పారునది; కోయభాషలో నీరనగా ఏర్. ఒక్క మాటకు రెండు అర్థములు. వాని నడుమ ఒక పిల్ల సంవత్సరము పొడవున మౌనముగా కూర్చుండవచ్చును.

పంతులుగారు మంచివారు. వెంటనే తమ పొరపాటును ఒప్పుకొని, ఆ బొమ్మను గోడకు గ్రుచ్చి, అందరిని దాని ముందు కూర్చుండబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టిరి. ఈ చుట్టు నున్నవారెవరు? ఆడవారే. మగవారు లేరేమి? నవ్వులు. బిందె నిండుట కెంతసేపు? ఎండ ఇంటిమీద నుండి మద్దిచెట్టు మీదికి వచ్చునంత సేపు. అంతసేపు కూర్చున్న పిల్ల బడికి ఎప్పుడు వచ్చును? ఎవరును మాటలాడలేదు. గోడమీది నీలి అక్షరములు నాలుగును ఆ చెలమలో మునిగి తడిసినట్లు నాకు కనబడినవి. జీవించుట, రక్షణ, అభివృద్ధి, భాగస్వామ్యము. ఇందులో ఏది లేదు ఆ వలయములో?

ఒక జాగ్రత్త చెప్పవలెను. భయమును కన్నవారి బిడ్డలచేత బొమ్మలు గీయించునపుడు, 'మీ ఊళ్లో ఏమి జరిగినదో గీయుము' అని అడుగరాదు. కాలిన యింటిని గీయించి, దానిని పత్రికలో అచ్చువేసి మెప్పించుకొనువారు కొందరున్నారు. అది బిడ్డ హక్కు కాదు, మన ఆకలి. ఆ పాప చెలమను తానై గీసినది. అంతకు మించి అడుగుటకు మనమెవరము?

మరియొక వేడుకను కూడ చూచి విసిగితిని. ఆగస్టు 9వ తేదీని ప్రపంచ ఆదివాసీ దినోత్సవముగా జరుపుచున్నారు, మంచిదే. కాని ఎక్కడనో ఒక సభకు పెద్దలెవరో వచ్చుచున్నారని, అడవిదున్న కొమ్ముల తలపాగలు కట్టించిన పిల్లలను రెండు గంటలు ఎండలో నిలువబెట్టి, కారు రాగానే రేల ఆట ఆడించి, కారు దిగినవారు చేతులూపి లోనికి పోగానే తలపాగలు లాగి సంచులలో కుక్కిన దృశ్యము నాకింకను మరపునకు రాలేదు. కొమ్ముల ఆట విత్తనముల పండుముతోను, జాతరతోను, పెండ్లితోను ముడిపడినది. కోయభాషలో పండుగను పండుమందురు. పండుము లేని ఆట పిల్లలకు కవాతు.

ఇక పరసంస్కృతుల మాట. మన బడులలో ఈ పాఠమునకు ఒక పటము కలదు: చలిదేశపువాడు తోలుచొక్కాతో, ఎడారివాడు ఒంటెతో, జపానుపిల్ల గొడుగుతో. దీనిని చూచి పిల్లలు నేర్చునది ఏమనగా, సంస్కృతి యనగా వేషమని. దీనికి విరుగుడుగా ఆ పంతులుగారు ఒక పుస్తకము తెప్పించిరి. మధ్యప్రదేశమున పాటన్‌గఢ్ అను పల్లెకు చెందిన పర్ధాన్ గోండు చిత్రకారుడు భజ్జూ శ్యాం 2002లో లండను నగరమునకు పోయి, ఒక భోజనశాల గోడలపై బొమ్మలు వేసి వచ్చి, తాను చూచిన లండనును తన జాతి చిత్రరీతిలో గీసిన పుస్తకమది. 2004లో చెన్నపట్టణమున తారా బుక్స్ వారు ప్రకటించిరి. ఆయన కంటికి భూగర్భపు రైలు వానపామైనది. బిగ్‌బెన్ గడియారపు గోపురము కోడిపుంజుతో కలిసిపోయినది, రెండును ప్రొద్దు చెప్పునవే గదా. సాయంకాలము కాగానే గుమిగూడు ఇంగ్లీషువారు గబ్బిలములైరి. పర్ధానులు గోండులకు వంశగాథలు పాడువారు, కోయలకు డోలీల వంటివారు. ఆ పర్ధానులలోనే జనగఢ్ సింగ్ శ్యాం ఇంటిగోడల బొమ్మలను కాగితముపైకి తెచ్చి లోకమునకు చూపగా, పాడువారు గీయువారైరి. మన డోలీలకు అట్టి మలుపు ఇంకను రాలేదు.

ఆ పుస్తకము చూపి, "మీరు చూసిన పట్నాన్ని గీయండి" అనగా కొబ్బరిచెట్టు గీసిన పిల్లవాడే మణుగూరు బొగ్గురైలును రోకలిబండగా గీసెను: నల్లని ఒడలు, లెక్కలేని కాళ్లు. "ముట్టుకుంటే చుట్ట చుట్టుకుంటదా?" అని ఒకతె అడిగినది. "ముట్టుకుంటే మనమే చుట్ట చుట్టుకుంటం" అని వీడు. లండను నుండి వానపాము వచ్చి మణుగూరు రోకలిబండను లేపినది. పరదేశమును తెలిసికొనుట యనగా ఇదియే యని నేననుకొందును. ఇంకొకడు తన కంటితో లోకమును చూచిన తీరు చూచి, మనకును కన్నున్నదని గుర్తించుట.

నేను రెండవసారి పోయినది శీతకాలమున. అప్పటికి పంతులుగారికి పడిగె పిచ్చి పట్టినది. ఊరిలో నొక గట్టువారి పడిగె యున్నదని విని, దానిని బడికి తెచ్చి పిల్లలకు చూపుడని ఒక వృద్ధుని యింటికి పోయి అడిగిరి. నన్నును వెంట తీసికొనిపోయిరి. ఆయన మంచము వాల్చి, మమ్ము కూర్చుండబెట్టి, చుట్ట వెలిగించుకొని, చాలసేపటికి ఇట్లనెను: "వేల్పు గుడ్డ ఊకనే విప్పేది కాదు సారూ. దానికి దినముంటది, డోలి రావాలె, కోడి కావాలె. బళ్లె పెట్టి చూపిచ్చేది కాదది." పంతులుగారి ముఖము చిన్నబోయినది. వృద్ధుడు అది చూచి, "పిల్లగాళ్లకు కావాలంటే పిల్లగాళ్లనే ఒకటి చేసుకోమనండి. మా తాతలను మీరెందుకు కుట్టటం? మీ బడి మనుషులను మీరు కుట్టుకోండి" అనెను.

ఆ కాదనుట నాకు ఆనాటి పాఠములన్నింటిలో పెద్దదిగా తోచినది. సంస్కృతిని చూపుట ఎట్లు హక్కో, చూపకుండుటయు నట్లే హక్కు. పడిగె బొమ్మలను చేతిసంచులపై అచ్చువేసి అమ్ముట కంటె ఆ వృద్ధుని చుట్టపొగలో ఎక్కువ విద్య యున్నది. పంతులుగారు వాదింపలేదు. బడికి పోయి పిల్లలకు జరిగినది జరిగినట్లు చెప్పి, అంగడి నుండి తెల్లని ముతకగుడ్డ నాలుగు గజములు తెప్పించిరి. ఎర్రగుడ్డ వేల్పుది గనుక తమది తెల్లగా నుండవలెనని పిల్లలే తీర్మానించిరి. మూడు మూలలు కూడ వలదని నలుపలకలుగానే ఉంచిరి.

దానిమీద ఎవరి బొమ్మ వారు కుట్టిరి. లంబాడా పిల్ల యొకతె నాయనమ్మ పాతరవికె నుండి ఊడిన అద్దము తునకను తెచ్చి సూర్యునిగా నతికినది. ఆ గుడ్డపై కొండల నడుమ కాక, తండాపై ఉదయించిన మొదటి సూర్యుడు అదియే. కొండరెడ్డి పిల్లవాడు వెదురుబుట్ట కుట్టెను. రోకలిబండ రైలు గుడ్డ ఈ కొననుండి ఆ కొనకు పోయినది. ఒకరు భద్రాద్రి రాముని, ఆ ప్రక్కనే ఆయనకు తొలుత తాటిపండ్లు పెట్టినదని చెప్పుకొను పోకల దమ్మక్కను నిలిపిరి. రామునికంటె దమ్మక్క పొడుగు. మధ్యాహ్నపు వంట చేయు అవ్వ గరిటెతో నిలిచినది. గుత్తికోయ పాప చెలమను కుట్టినది. ఈసారి వలయము చుట్టు నున్నవారిలో ఇద్దరికి మీసములు పెట్టినది. ఎందుకని నేనడుగలేదు.

చివరకు బొమ్మల క్రింద పేర్లు వ్రాయు ఘట్టము. చెలమ క్రింద కొండరెడ్డి పిల్లవాడు 'నీళ్లు' అని వ్రాసెను. వారి యింటిమాట తెలుగే. లంబాడా పిల్ల తన భాషలో 'పాణి' అని చెప్పగా దానిని తెలుగు అక్షరములలో వ్రాసిరి. మూడవ మాటను పంతులుగారే వ్రాయబూని, పెన్సిలుతో 'ఏరు' అని గుడ్డపై గుర్తు పెట్టుకొనిరి. కోయపిల్లవాడు కొమ్ము ఉండవలెననెను, ఇంకొకడు వలదనెను, వాచకములో ఎట్లున్నదో చూతమని ఒకతె సంచి వెదకినది. వాదులాట ముదిరినది. పంతులుగారు పెన్సిలు దింపి, పాపవైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా, ఎట్ల రాయాలె?" అని అడిగిరి. పాప ఆ మాటను తనలో తాను రెండుసార్లు పలికి చూచుకొని, పొల్లు పెట్టమన్నది.